శారద ఏడుపు పాట

గంగారం దగ్గరి తండా

రాజమల్లు సారుకు రాంజీ నమస్కారాలు.

మా తండాలో ఫోన్ పలకదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మా అమ్మాయి శారదకు పెళ్లి కుదిరింది. అబ్బాయిది భూపాలపల్లి. మాలో పెళ్లికూతురు వెళ్లేముందు అయినవాళ్లను ఒక్కొక్కరినీ కౌగిలించుకుని, వాళ్లు తనకు చేసింది చెప్పుకుంటూ ఏడుస్తూ పాడాలి. దాన్ని ఢావ్లో అంటాం. హాస్టల్లో చదివిన పిల్లకు అది రాదు. పాడకపోతే "పోతందుకు సంబురపడుతాంది" అంటారు. వాళ్లమ్మ మంగ్లీ ఇక తలెత్తుకు తిరగలేదు. జనగామలో పేరున్న కవి మీరు. ఒక పాట రాయండి. మా భాషలోకి పిల్లే మార్చుకుంటుంది.

ఇట్లు, రాంజీ

తా.క.: ఏడుపు ఎక్కువ, వర్ణన తక్కువ ఉండాలి.

జనగామ

రాంజీకి ఆశీస్సులు.

పాట పంపుతున్నాను. "నాన్నా, నువ్వు మబ్బువి, నేను చినుకును" అని మొదలవుతుంది. రాస్తూ నేనే ఏడ్చాను.

నీ రాజమల్లు

తా.క.: ఒక్క మాట కూడా మార్చవద్దు.

తండా

సారూ, దండాలు.

పాట చదివి శారద నవ్వింది. మంగ్లీ, "మబ్బేనా? ఇంటిపట్టున ఎన్నడున్నడు గనుక! గదొక్కటి కలిసింది" అంది. నా బామ్మర్ది కిషన్, "మేనమామను, నా ముచ్చటేది?" అని అడిగాడు. చేసిన పని చెప్పాలి సారూ. చిన్నప్పుడు శారదకు జ్వరమొస్తే వాగు దాటించి దవాఖానకు తీసుకుపోయింది నేనే. అది పెట్టండి.

మీ రాంజీ

తా.క.: కిషన్‌కు రెండు ముక్కలు చాలు.

జనగామ

రాంజీకి,

వాగు, జ్వరం, నీ భుజం, మూడూ చేర్చాను. కిషన్‌ను "మంచి మనసున్న మామ" అన్నాను.

రాజమల్లు

తా.క.: మనసు సంగతి నాకు తెలియదు. ప్రాసకు కుదిరింది.

తండా

సారూ,

కొంప మునిగింది. కిషన్ పాట విని లేచి వెళ్లిపోయాడు. "బావా, పిల్లను నా బండి మీద తీసుకపోయింది నేను. పాటల నువ్వెట్ల వచ్చినవ్? గది దిద్దితేనే పెండ్లికొస్త" అన్నాడు. మేనమామ లేని పెళ్లి ఎక్కడైనా ఉందా? మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.

పరేషాన్‌లో ఉన్న రాంజీ

తా.క.: మా ఇద్దరి మాటలూ విని మంగ్లీ నవ్వుతోంది. నాకు అదే భయం.

జనగామ

రాంజీకి,

ఇద్దరూ మోసినట్టు రాశాను. నువ్వు తల వైపు, కిషన్ కాళ్ల వైపు. ఇంతకుమించి కవిత్వం చేయగలిగింది లేదు.

అలసిన రాజమల్లు

తా.క.: శవాన్ని మోసినట్టుందని మా ఆవిడ అంటోంది. పట్టించుకోవద్దు.

తండా

సారూ, దండాలు.

పెళ్లయింది. కిషన్ వచ్చాడు. కాగితం శారద చేతిలో పెట్టాం. తను విప్పలేదు. ముందు వాళ్లమ్మను పట్టుకుంది. "నీ వీపు మీద వాగు దాటిన. తెల్లారినంక బాపు, మామ దవాఖానకు బండేసుకొని వచ్చిండ్రు" అని మా భాషలో పాడింది. అప్పుడు గుర్తొచ్చింది సారూ. మేము తీసుకుపోలేదు, తిరిగి ఇంటికి తెచ్చాం. ఇన్నేళ్లుగా చెప్పీ చెప్పీ మేమే నమ్మేశాం.

ఆ తర్వాత పాటలో మాటల్లేవు. "యాడీ, యాడీ" అంటూనే ఉంది. అంటే అమ్మా అని. తండా అంతా ఏడ్చింది. నేనూ కిషన్ ఒకే తువ్వాలలో మొహాలు దాచుకున్నాం.

మీ రాంజీ

తా.క.: భూపాలపల్లి నుంచి వచ్చిన ఎస్తేరు అనే ఆమె, "ఎంత మంచిగున్నది పాట! ఎవరు రాసిండ్రు?" అని అడిగింది. మంగ్లీ కళ్లు తుడుచుకుని, "జనగామ సారు" అంది.