చిరిగిన పేజీ చదివిన పిల్ల

నల్గొండ, మంగళవారం రాత్రి

సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, నేటి యూనివర్సిటీ సిలబస్ కమిటీలో ఉప్పు బిస్కెట్లన్నీ అటెండర్‌నైన నేనే తిన్నాను.

చదవడం నేర్పే టీచర్ల కోర్సులోంచి, బడికి పోయి పిల్లల పక్కన కూర్చుని చదివించే నెలను తీసేద్దామన్నారు. చాయ్ ఇస్తూ ఊరుకోలేకపోయాను.

"మా ఊరి బడిల ఓ పిల్ల చిరిగి సగం లేని పేజీ గూడ ఆగకుంట చదివింది మేడం. అంత బట్టీనే. పక్కన కూసుంటెనే తెలుస్తది."

అటెండర్ మాట్లాడాడని మొదలైన నవ్వులు ఆగిపోయాయి. ఆ నెలను ఉంచారు. కానీ కమిటీకి పెద్ద అయిన మేడం పెన్ను తీసింది.

"ఏ ఊరు యాదయ్యా? రేపే పోయి ఆ టీచర్‌ని చూస్తం."

చెప్పేశాను. అక్కడున్న ఒక్క టీచరు మా చెల్లె బిడ్డ సరిత. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇందాక ఫోన్ చేసింది.

"మామా, రేపు ఎవరో పెద్దోళ్లు వస్తున్నరట. నేనేం తప్పు చేసిన?"

"ఏం లేదు బిడ్డా, పండుకో" అన్నాను.

అలాంటి పిల్ల ఏ బడిలోనూ లేదు. నేనే పుట్టించాను.