పక్కన నడిచే గీతల మనిషి

చిట్టితల్లికి, అమ్మ మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

దేవుడి దయవల్ల నేనూ నాన్నగారూ కులాసాగా ఉన్నాం. నీకు నెలలు నిండుతున్నాయి, మెట్లెక్కడం తగ్గించు.

కొత్త కళ్లద్దాలు ఎలా ఉన్నాయని అడిగావు. ఏం చెప్పాలో తెలియడం లేదు. నా చూపు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలోకే కదా. వీటికున్న చిన్న కెమెరా చుట్టుపక్కలవన్నీ పట్టి, బుల్లి గీతల బొమ్మలుగా ఆ మధ్యలోనే చూపిస్తుంది. లోకం మీద సుద్దముక్కతో ఇంకో లోకం గీసినట్టుంటుంది. మొదటిరోజు మంచినీళ్ల గ్లాసు వదిలేసి దాని బొమ్మను అందుకోబోయాను. "దోమల్ని తోలుతున్నావా?" అన్నారు నాన్నగారు. దణ్ణం పెట్టుకోవడానికి కూర్చుంటే దేవుడితో పాటు కుర్చీ, తలుపు, నాన్నగారి కాళ్లు కూడా వచ్చేస్తున్నాయి. అప్పుడు మాత్రం తీసేస్తున్నాను.

నాన్నగారి మోకాలికి ప్రయాణం పడదు, కాన్పుకి నువ్వొక్కదానివే రాగలవా అనీ అడిగావు. కుట్టుపనికి రోజూ ఒంటరిగానే వెళ్లొస్తున్నానని గొప్పగా రాశాను కదా. ఆ సంగతే ఇప్పుడు నాకు అయోమయంగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఈ అద్దాలు పెట్టుకున్నప్పటి నుంచి అవతలి కాలిబాట మీద ఒక గీతల మనిషి నాతోపాటే నడుస్తున్నాడు. నేను ఆగితే ఆగుతాడు. దొంగేమో అనుకున్నాను. అద్దాలే లేనివాణ్ణి చూపిస్తున్నాయేమో అనీ అనుకున్నాను. దేవుణ్ణి తలుచుకుంటూ నడిచేదాన్ని. నిన్న ధైర్యం చేసి తల అటు తిప్పాను. మీ నాన్నగారు. చప్పుడు వినబడకుండా చేతికర్ర చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ.

సాయంత్రం, "పొద్దున్నంతా ఏం చేశారు?" అని అడిగాను.

"ఇక్కడే కూర్చుని పేపరు చదువుకున్నా" అన్నారు, తలెత్తకుండా.

ఇన్నాళ్లూ నా అంతట నేనే నడిచానా, ఆయన ఉన్నారు కాబట్టి పడలేదా? కోప్పడాలో ఏడవాలో తెలియడం లేదమ్మా. ఇవాళ మాత్రం, ఆయన అందుకోలేరని మెల్లగా నడిచాను.

కాన్పుకి వస్తాను, ఒక్కదాన్నే వస్తున్నానని ఆయనకీ చెబుతాను. నువ్వు మాత్రం రైల్లో నా పక్క పెట్టెలో ఆయనకో కింది బెర్త్ తీసి పంపు. పైకి ఎక్కలేరు. నాకు తెలుసని చెప్పకు.

ఇట్లు,
నీ దగ్గరికి బయల్దేరబోతున్న
అమ్మ