పలక మీద అడిగినదానికి

అమ్మడూ,

వరద నీళ్లు కిటికీ ఎక్కిన ఏడు నీ పాలకోసం కొన్న ఫ్లాస్కులోనే గంజి వడకట్టి పోశాను. సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెం తాగు. కత్తెర తలగడ పక్కన ఉంది. వాంతి వచ్చేలా ఉంటే నాకోసం చూడకుండా దవడలు కట్టిన రబ్బర్లు కత్తిరించెయ్యి.

పుట్టుకతో చీలిన నీ పెదవి కుట్టించింది ఆ ఏడే. "పై దవడ వెనకబడిపోతుంది. ఎముక ఎదగడం ఆగాక ముందుకు జరపాలి, పద్దెనిమిదేళ్లకు తీసుకురా" అన్నాడు డాక్టరు. పచ్చి చెక్కతో తలుపు చెయ్యకూడదని వడ్రంగికి ఒకరు చెప్పాలా? ఆగాను. చెక్క ఆరాక కూడా ఆగాను. అందరి తలుపులూ సందు లేకుండా కలిపినవాణ్ణి, నీ పళ్లు కలవకపోతే ముప్పై ఏళ్లు నీ కంచంలో ముక్కలు చిన్నవి చేసి, అదే తండ్రితనం అనుకున్నాను. చివరికి నువ్వే ఒక్కదానివి వెళ్లి ఆపరేషనుకు సంతకం పెట్టుకున్నావు.

"ఎందుకు తీసుకెళ్లలేదు నాన్నా?" అని నిన్న పలక మీద రాసి చూపించావు. నేను బయటికి పోయాను.

నువ్వు కోత తట్టుకోలేవని మీ అమ్మకీ అందరికీ చెప్పుకొచ్చాను. తట్టుకోలేనిది నేను.

పనికి పోతున్నాను.

పలక చట్రం ఊగుతుంటే పొద్దున మేకు కొట్టి బిగించాను. నువ్వు రాసింది తుడవలేదు.