ముందు అత్తయ్య ఇడ్లీ తినాలి

ఏమండీ, గోపాలపూర్ వెళ్తున్నాను. మిమ్మల్ని లేపలేదు.

ఏడున్నర కాగానే, నేను ఈత ముగించి ఒడ్డుకొచ్చేశానని అత్తయ్యకు చెప్పి ఇడ్లీ పెట్టండి. "నువ్వేటి సెప్పినా సరే, సముద్రంలోంచి బయటికొచ్చీదాకా మెతుకు ముట్టను" అని ఒట్టేసుకున్నారు. షుగరు మాత్ర మాత్రం వేసేసుకుంటారు. మొన్న ఏకాదశికి అలాగే కళ్లు తిరిగి పడ్డారు. ఈత తర్వాత సైకిలు, పరుగు ఉన్నాయి. సాయంత్రం దాకా ఫోను నా దగ్గరుండదు.

ఇదే నా మొదటి ట్రయాథ్లాన్. పోయిన ఆదివారం ప్రాక్టీసులో అలలు దాటలేక, ఉప్పునీళ్లు మింగి వెనక్కొచ్చేశాను. మీకు చెప్పలేదు. మీరూ వెళ్లమనలేదు, వద్దనలేదు.

వాగ్దేవి

ఆపదొస్తే పిలవమని పోటీవాళ్లకు మీ నంబరే రాసిచ్చాను. ఆ ఫోనొచ్చినా సరే, ముందు ఆవిడ చేత తినిపించండి.