నాలుగో ప్రశ్నకు జవాబు

చిరంజీవి సౌభాగ్యవతియైన కోడలికి,

నీ అత్త దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నా మోకాలు, నీ మొగుడి మొహం తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయి. జైల్లో ఉన్న నిన్ను క్షేమమా అని అడగడానికి నాకు నోరు రావడం లేదు. నీ ఉత్తరం పన్నెండు రోజులకు చేరింది. రెండు చోట్ల నల్ల సిరా పులిమారు. అక్కడి తిండి గురించి ఏదో రాసి ఉంటావు. నోరూరుకోదు కదా నీకు.

నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా చెప్తాను.

మొదటిది, పాప పన్ను. అమ్మ వచ్చాకే ఊడుతుందని భీష్మించుకుని, నాలుకతో అదిమిపట్టి వారం రోజులు నెట్టుకొచ్చింది. మొన్న బడిలో ఎక్కం చెప్తుంటే 'ఆరేళ్ళు నలభై రెండు' దగ్గర ఊడి బల్ల మీద పడిందట. ఇంటికొచ్చి, మాట నిలబెట్టుకోలేదని ఆ పంటి మీదే ఏడ్చింది. గుండీల డబ్బాలో దాచింది, నీకు చూపించడానికి.

రెండోది, నీళ్ళు. కాచే తాగుతున్నాం. కుళాయిలో ఇంకా ఇటిక రంగే. ఏ నీళ్ళ పరీక్ష ఫలితాలు బయట పెట్టమని అట్ట పట్టుకుని నీటి సరఫరా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నావో, అవి ఇంకా వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. నీతో కూర్చున్న పదకొండు మందీ, ఇకమీదట ఇలాంటి పని చెయ్యబోమని పూచీకత్తు రాసిచ్చి ఆ సాయంత్రమే ఇళ్ళకొచ్చి అన్నాలు తిన్నారు. నువ్వు మాత్రం, చేసిన తప్పేమిటో ముందు రాయండి, తర్వాత సంతకం పెడతాను అన్నావు. యాభై రెండు రోజులైంది. వాళ్ళు రాయనూ లేదు, నువ్వు రానూ లేదు.

మూడోది, నీ విడుదల కోసం వీధివాళ్ళు పెట్టిన సంఘం ఏం చేస్తోందని. ఏం చెప్పమంటావు. మన కుట్టు షాపే ఇప్పుడు సంఘం ఆఫీసు. నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద వాళ్ళు టీ గ్లాసులు పెడుతున్నారు. అధ్యక్షుడు మైకు మాస్టారు. మైకున్నా లేకపోయినా ఆయన గొంతు ఒకటే. పోస్టరు మీద నీ ఫోటో ఏది వేయాలని రెండు గంటలు వాదించుకుని, చివరికి నువ్వు పనిచేసే ల్యాబు గుర్తింపు కార్డులోది తేల్చారు. ఆ ఫోటో తీసినవాడి మీద నీకేం కోపమొచ్చిందో గానీ, అది చూస్తే విడుదల చెయ్యమని అనేవాడు కూడా రెండడుగులు వెనక్కి వేస్తాడు. అదీ పోనీ అనుకుంటే, ప్రెస్సువాడు 'అక్రమ నిర్బంధాన్ని ఖండించండి' అనేదాన్ని 'సక్రమ నిర్బంధాన్ని ఖండించండి' అని అచ్చువేశాడు. మూడు వందల పోస్టర్లు. అడగబోతే, "ఒక్క అక్షరమే కదండీ, జనం అర్థం చేసుకుంటారు" అన్నాడు. "నీ ప్యాంటుకి ఒక్క కాలే కదా తక్కువని నేను కుట్టి ఇస్తే తొడుక్కుంటావా" అన్నాను. మూడు వందలకీ 'అ' రాసిన చీటీలు మేమే కూర్చుని అంటించాం.

సంతకాలు ఆరు వందలు దాటాయి. పాప బడి పెద్ద టీచరమ్మ సంతకం పెట్టి, "నాదని గుర్తుపట్టకుండా పెట్టానండి" అని నా చెవిలో చెప్పింది. ఇక దేనికమ్మా పెట్టడం. మొదటిసారి కలెక్టరాఫీసుకి తీసుకెళ్తే సంతకాల పక్కన చిరునామాలు లేవన్నారు. రాయించి తీసుకెళ్తే అన్నీ ఒకే సిరాలో ఉన్నాయన్నారు. మూడోసారి, ఇది ఈ కిటికీ కాదు, పక్క కిటికీ అన్నారు. పక్క కిటికీ అతను సెలవులో ఉన్నాడు.

ఇంత సోది ఎందుకు రాస్తున్నానంటే, నాలుగో ప్రశ్నను వీలైనంత వెనక్కి నెట్టడానికి.

"నాకు మతి సరిగా లేదని వీళ్ళకెవరు చెప్పారు? డాక్టరొకాయన వచ్చి వందలోంచి ఏడేడు తీసేస్తూ లెక్కపెట్టమన్నాడు" అని రాశావు.

నేను చెప్పాను.

నిన్ను తీసుకెళ్ళిన తొమ్మిదో రోజున విచారణాధికారి నన్నొక్కదాన్నే పిలిపించాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆ మర్యాద చూసైనా అనుమానం రావలసింది. "మీరు ఇంటికి పెద్దవారు. మీ కోడలికి ఈమధ్య మనసు బాగుండటం లేదని ఒక్క సంతకం పెట్టండమ్మా. జబ్బు మనిషి కింద వదిలేస్తాం. ఎల్లుండికి ఇంట్లో ఉంటుంది" అన్నాడు. కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. చదవలేదని తప్పించుకోను, చదివాను. 'మతిస్థిమితం లేదు' అన్నచోట ఆగాను కూడా. అప్పుడు నా మనసులో మెదిలింది దాచకుండా చెప్తున్నాను. ఇందులో అంత అబద్ధమేముందిలే అనిపించింది. పసిదాన్ని ఇంట్లో పెట్టుకుని, పట్టిన పట్టు వదలకుండా అక్కడ కూర్చున్నావని నీ మీద ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటలోనే సంతకం పెట్టాను.

ఎల్లుండి వచ్చింది, నువ్వు రాలేదు. జబ్బో కాదో డాక్టరు తేల్చేదాకా విడుదల మాటే లేదన్నారు. ఆ డాక్టరు మీ జైలుకి నెలకొకసారి వస్తాడట, ఒక్క రాకతో తేల్చడట. నిన్ను విడిపిస్తుందనుకుని నేనిచ్చిన కాగితమే నీ కాళ్ళకి చుట్టుకుంది. నెల పైచిలుకు ఆ ముక్క కడుపులో పెట్టుకుని, అందరిచేతా నీకోసం సంతకాలు పెట్టిస్తూ తిరిగాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీటింగులో అందరిముందూ చెప్పేశాను. మైకు మాస్టారు మొదటిసారి గొంతు తగ్గించి మీటింగు ముగించారు. నీ మొగుడు "అమ్మా, నువ్వా" అన్నాడు, అంతే. రెండు రోజులు అన్నం తనే వడ్డించుకున్నాడు. మూడోరోజు పొద్దున వచ్చి, "మన కేసు లాయరమ్మ రమ్మంది, చెప్పులేసుకో" అన్నాడు.

సోమవారం ఆవిడే నన్ను జడ్జిగారి ముందు నిలబెట్టింది.

"సంతకం మీదేనా?"

"నాదేనండి."

"అప్పుడు నిజమని పెట్టి ఇప్పుడు అబద్ధమంటే ఎలాగమ్మా?"

"అప్పుడూ అబద్ధమేనండి. తెలిసే పెట్టాను. పిల్ల ఇంటికొస్తే చాలనుకున్నాను."

"అబద్ధపు కాగితమిస్తే మీకు శిక్ష పడొచ్చు, తెలుసా?"

"తెలుసండి. ఆమె మతి నిక్షేపంగా ఉంది. కోపంలో మతి పోగొట్టుకున్నది నేను."

ఆయన నన్ను మందలించి, ఆ కాగితం కేసులోంచి తీసేయమన్నాడు. ఇక డాక్టర్లెవరూ నీ దగ్గరికి రారు. నీ బెయిలు విచారణ పందొమ్మిదో తేదీకి పెట్టారు.

బయటికొస్తుంటే అదే అధికారి వరండాలో ఎదురయ్యాడు. పూచీకత్తు కాగితం నా చేతిలో పెట్టి, "మీ కోడలు మీ మాట వింటుంది, దీనిమీద సంతకం పెట్టించండి, మర్నాడే పంపిస్తాం" అన్నాడు. నా మాట వింటుందట. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను, గొడుగు పట్టుకెళ్ళమంటేనే వినవు.

ఆ కాగితం దీంతోపాటు పెడుతున్నాను. సంతకం పెట్టమని నేను చెప్పను, పెట్టొద్దనీ చెప్పను. పెట్టి వస్తే, ఎవరైనా ఒక్క మాటన్నారా వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. పెట్టకపోతే, పక్క కిటికీ అతను ఎప్పటికైనా సెలవులోంచి రాక తప్పదు, నేను వెళ్ళక తప్పదు. నీ తరఫున మాత్రం ఇంకోసారి దేనిమీదా సంతకం చెయ్యను.

శుక్రవారం ములాఖత్‌కి పాపని తీసుకుని వస్తున్నాను. గేటు దగ్గరి వార్డరమ్మతో దాన్ని ఒక్కదాన్నే లోపలికి పంపిస్తాను. నా మొహం చూడాలనిపిస్తే దానితో కబురు చెయ్యి. అనిపించకపోతే గేటు బయటే ఉండి పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను. పైవారం మళ్ళీ వస్తాను.

ఇట్లు,
నీమీద కోపం ఇంకా పూర్తిగా తగ్గని
నీ అత్త