గుమ్మెట మోగితే ఆరిన దీపాలు

తిరువూరు, 1976 డిసెంబరు, రాత్రి

వినగడపలో మా బుర్రకథ ముగించుకుని ఇప్పుడే ఇల్లు చేరాను. అన్నం సయించలేదు.

ఒకప్పుడు నా గుమ్మెట చప్పుడు వింటే జనం చాపలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు సర్కారు మా దళానికి జీపిస్తోంది, డబ్బిస్తోంది. బదులుగా కథ మధ్యలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి చెప్పాలి. కళ బతుకుతుంది కదా అని సంబరపడ్డాం.

ఇవాళ గుమ్మెట మీద మొదటి దెబ్బ వేయగానే ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆపరేషన్లకు పట్టుకుపోతామని భయపడి మగవాళ్లంతా మామిడితోటల్లోకి పారిపోయారు. అరుగు మీద ఒక ముసలమ్మ మాత్రం మిగిలింది.

"కథ వింటావా మామ్మా?" అన్నాను.

"ఎంతసేపైనా వింటాను బాబూ. మా మనవడికింకా పెళ్లి కూడా కాలేదు. వాణ్ణి మాత్రం తీసుకెళ్లమాకండి," అని రెండు చేతులూ జోడించింది.

"ఎవరూ లేకపోయినా చెప్పాల్సిందేరా, లేకపోతే డబ్బులు రావు," అన్నాడు కథ చెప్పే సుబ్బయ్యన్న. చెప్పాం. హాస్యం దగ్గర కూడా ఆవిడ జోడించిన చేతులు విప్పలేదు.

ఇందాక గుమ్మెటను మేకుకు తగిలిస్తుంటే గోడకు తగిలి చిన్నగా మోగింది. పక్కింట్లో దీపం ఆరిపోయింది.

వాళ్లు పడుకునే వేళే అయ్యుంటుంది...