నా బరువుకు ఆగిన స్టూలు

అమ్మకి,

నీ పెద్దకొడుకు నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నీ చీలమండ తప్ప అందరూ క్షేమమేనని చెల్లి ఫోన్లో చెప్పింది. వాపు దిగిందా? కాలు కింద పెట్టొద్దని డాక్టరు చెబితే నువ్వు కుట్టుమిషన్ తొక్కుతున్నావట. ఒంటికాలితో తొక్కితే డాక్టరు మాట విన్నట్టేనని వాదిస్తున్నావట కూడా. నీతో వాదించి గెలిచినవాళ్ళు ఇంకా పుట్టలేదు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను.

నీ ఉత్తరం ముందు పెట్టుకుని ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను. బకెట్ పిడి ఊడింది, దువ్వెన పళ్ళు రాలాయి, గొడుగు మొదటి వానకే వెనక్కి తిరిగింది, "నా చెయ్యే మోటుదైందా, వస్తువులే ఇలా తయారయ్యాయా?" అని అడిగావు. నీ చెయ్యి మోటుది కాదమ్మా. ఆ చెయ్యి కుట్టిన బొత్తాం చొక్కా చిరిగినా ఊడదు. చిన్నప్పుడు నా నిక్కరు జేబు చెట్టుకొమ్మకు తగులుకుని నేను వేలాడితే, విరిగింది కొమ్మే గాని చిరిగింది జేబు కాదు. వస్తువులే మూణ్ణాళ్ళ ముచ్చటయ్యాయి. పోయిన నెల కొన్న చెప్పులకు నువ్విచ్చిన దారంతో అప్పుడే రెండు కుట్లు వేసుకున్నాను. కొట్టువాణ్ణి అడిగితే, "ఏడాదంతా ఒకే జత వేసుకుంటారా ఏంటండీ?" అని నన్నే వింతగా చూశాడు.

స్టూలు కాలు అతుకుతుందా అని అడిగావు. అతకదు. జిగురు పెట్టి అతికినా దానిమీద పూలకుండీ కూడా పెట్టకు. "మావాడి ఫ్యాక్టరీది, పారేయడానికి చేతులు రాలేదు" అని మంచం కింద దాచావట. పారెయ్యి.

ఇక ఎప్పుడూ అడిగేదే, "ఒళ్ళు చేశావా?" అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు బస్తా బాబాయ్ సంగతి చెప్పాలి. ఆయన్ని అసలు పేరుతో మాలో ఎవరూ పిలవం, ఆ పేరు ఆయనా మర్చిపోయి ఉంటాడు.

మా దగ్గర వందకొకటి చొప్పున స్టూళ్ళు పక్కకు తీసి పరీక్ష చేస్తాం. పరీక్షంటే పెద్ద యంత్రమేం లేదు, బస్తా బాబాయ్ కూర్చోవడమే. మనిషి నూట పది కిలోలు. స్టూలు మీద కూర్చుని, అటూ ఇటూ ఊగి, కాలుమీద కాలేసుకుని టీ గ్లాసు ఖాళీ చేసి లేచేవాడు. స్టూలు నిలబడితే నేను కాగితం మీద 'సరే' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. విరిగిందంటే ఆయన అలాగే నేలమీద కూర్చుని మిగతా టీ తాగుతూ, "రాసుకోరా అబ్బాయ్, వందా వెనక్కే" అనేవాడు. స్టూలు అడుగున 'నూట పది కిలోలు' అని అచ్చు ఉంటుంది చూశావూ, అది ఆయన బరువే.

రెండేళ్ళ కిందట ఆయన రిటైరయ్యాడు. అప్పటికే తుక్కు ప్లాస్టిక్ కలపడం ఎక్కువైంది, కాళ్ళు పలచబడ్డాయి. మేనేజరు నన్ను పిలిచి, "కూర్చోవడానికి కూడా ఒక మనిషి ఎందుకయ్యా, నువ్వే కూర్చుని సంతకం పెట్టు" అన్నాడు. నన్ను పర్మనెంటు చేసి అప్పటికి నెల కూడా కాలేదు. వెళ్ళి కూర్చున్నాను.

ఒళ్ళు చేశానని, బుగ్గలొచ్చాయని నీకు మూడు ఉత్తరాల్లో రాశాను కదా. అబద్ధం అమ్మా. పోయినసారి నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నావే, ఇప్పటికీ అంతే ఉన్నాను. యాభై రెండు కిలోలు. ఈ రెండేళ్ళలో నా కింద ఒక్క స్టూలూ విరగలేదు. ఎందుకు విరుగుతుంది?

నీ నీలం స్టూలు నేను కూర్చుని పాస్ చేసిన వాటిలోదే. నేనే మోసుకొచ్చి నీ చేతికిచ్చాను. "మావాడు సంతకం పెడితేగాని బయటికి రాదు" అని బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చూపించావు. అటకమీది దారాల డబ్బా కోసం దానిమీదే ఎక్కావు.

నువ్వు పడ్డప్పటినుంచీ చెబుదామని నాలుగుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే దొంగకు తేలుకుట్టినట్టయి, కాలెలా ఉందని అడిగి పెట్టేశాను. కానీ ఈసారి నీ ఉత్తరం అడుగున, నీకు తెలియకుండా, చెల్లి పెన్సిల్‌తో రెండు ముక్కలు రాసింది. దాన్ని తిట్టకు. నువ్వు నెలరోజులుగా రాత్రి భోజనం మానేశావట. "ఏనుగులా తయారయ్యాను, కొడుకు తెచ్చిన స్టూలు విరగ్గొట్టాను" అని నవ్వుతూ మంచినీళ్ళు తాగి పడుకుంటున్నావట. అది చదివాక నాకు ముద్ద దిగలేదు. తప్పు నీ బరువుది కాదమ్మా, నా సంతకానిది. క్షమించమనడానికి సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

సోమవారం పొద్దున్నే బస్తా బాబాయ్ ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పాను. "నేనిప్పుడు చిక్కిపోయాన్రా, నూట రెండే" అని బాధపడ్డాడు గాని, చొక్కా వేసుకుని వచ్చాడు. వాచ్‌మన్‌కు పాత అలవాటే, గేటు తీసేశాడు. పది స్టూళ్ళు వరసగా పెట్టాం. ఆయన పడకుండా నేనూ మిషన్ మేస్త్రీ చెరో రెక్కా పట్టుకున్నాం. మొదటి ఏడూ విరిగాయి. ఎనిమిదోదానిమీద కూర్చోబోతూ, "టీ ఏదిరా, టీ లేకుండా ఇదేం పరీక్ష?" అన్నాడు. టీ తెప్పించాను. అదీ విరిగింది.

రెండేళ్ళలో మొదటిసారి 'పనికిరావు' అని రాసి, సంతకం పెట్టి, మేనేజరు బల్లమీద పెట్టి వచ్చాను. ఆ రోజునుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ ఉత్తరం నీకు చేరేలోపు తేలిపోతుంది. ఊడితే వచ్చి నీ పక్కన కూర్చుని బొత్తాలు కుడతాను. నేను కుట్టినవి విప్పి మళ్ళీ కుట్టే ఓపిక నీకెలాగూ ఉంది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఈ ఉత్తరం అందిన రోజు రాత్రే భోజనానికి కూర్చో. నేలమీదే కూర్చో, దాన్ని పరీక్ష చేసింది నేను కాదు. కడుపునిండా తిను. నువ్వు తిన్నావని చెల్లి ఫోన్ చేసేదాకా నేనూ రాత్రిపూట తినను. నాలో తగ్గడానికి పెద్దగా ఏమీ లేదు, అందుకని తొందరగా తిను.

ఇట్లు,
యాభై రెండు కిలోల
నీ పెద్దకొడుకు